గేటు మీదే సార్, రోడ్డు మాత్రం కాదు

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. హనుమకొండలో 28 ఏళ్ల కింద ఇల్లు కట్టుకున్నాం. అప్పుడు మా గల్లీ మొత్తానికి రెండే స్కూటర్లు. ఇప్పుడు మూల మీద డయాగ్నస్టిక్ సెంటర్ వచ్చింది. పొద్దున ఆరున్నర నుంచే పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్ల కార్లు, బైకులు అన్నీ మా ఇంటి ముందే. మా పోర్టికోకు షట్టర్ వేసి జిరాక్స్ షాపుకు కిరాయికి ఇచ్చాం, అందుకని మా కారు కూడా గేటు ముందే పెడతాం. కూరగాయలకు పోయి వచ్చేసరికి ఆ జాగాలో ఇంకెవరిదో బండి ఉంటుంది. పోయిన నెల కాజీపేటలో రైలు అందుకోవాల్సిన రోజు ఎవరో మా గేటుకు అడ్డంగా కారు పెట్టి పోయారు. లోపలి స్కూటర్ కూడా తీయలేక, సామాన్లు మోసుకుంటూ ఆటో కోసం మెయిన్ రోడ్డు దాకా నడిచాం. వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో ఉండే మా అబ్బాయి, అక్కడ గల్లీవాళ్లకే పార్కింగ్ పర్మిట్లు ఇస్తారని చెప్పాడు. మన బల్దియాలో (వరంగల్ కార్పొరేషన్‌లో) అలాంటిది తీసుకోవచ్చా? లేకపోతే రాళ్లు పెట్టి గొలుసు కట్టుకోవచ్చా? పక్కింటాయన టైర్లలో గాలి తీసేయమంటున్నాడు. ఏం చేయమంటారు?
ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: సార్, పక్కింటాయన సలహాతో మొదలుపెడతాను. అది మాత్రం చేయకండి. వేరేవాళ్ల బండికి కావాలని నష్టం చేయడం భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మన ఊళ్లో సగం గేట్ల మీద ‘ఇచ్చట వాహనములు నిలుపరాదు, నిలిపినచో గాలి తీయబడును’ అని రాసి ఉంటుంది. రాయించినవాళ్లకు అదో ధైర్యం. కానీ రేపు నిజంగా ఎవరైనా గాలి తీస్తే, తీసిందెవరో పోలీసులు వెతకాల్సిన పని లేదు. గేటు మీదే రాసి పెట్టుకున్నారు కదా! మీ గేటు మీద కూడా ఆ రెండో ముక్క ఉంటే ఇవాళే రంగు పూయించండి. మొదటి ముక్క ఉండనివ్వండి, దానితో ఇబ్బంది లేదు.

ఇక మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో ఫిర్యాదు ఒకటి కాదు, రెండున్నాయి. గేటుకు అడ్డంగా కారు పెట్టారు, రైలు కోసం సామాన్లు మోశారు. ఇది ఒకటి. కూరగాయలకు పోయి వచ్చేసరికి మీ కారు పెట్టుకునే జాగా పోయింది. ఇది రెండోది. మీకు రెండూ ఒకేలాంటి కష్టంగా కనిపిస్తున్నాయి. మొదటి దాంట్లో చట్టం పూర్తిగా మీ పక్షాన ఉంది. రెండో దాంట్లో మీరూ, ఆ రక్తపరీక్షకు వచ్చినాయనా ఇద్దరూ సమానమే.

మొదటిది చూద్దాం. 2017లో కేంద్రం తెచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లో బండ్లు ఎక్కడెక్కడ ఆపకూడదో ఒక జాబితా ఉంది. ఫుట్‌పాత్ మీద, మూల మలుపుల దగ్గర, బస్టాప్ దగ్గర, బడి, ఆస్పత్రి గేట్ల దగ్గర, ఆపి ఉన్న ఇంకో బండికి పక్కన, ఒక ఇంటిలోకో ఆవరణలోకో పోయే దారికి అడ్డంగా బండి పెట్టకూడదు. అంతకు ముందున్న 1989 నిబంధనల్లోనూ ఇదే మాట ఉంది. కాబట్టి గేటు మీద బోర్డు ఉన్నా లేకున్నా గేటుకు అడ్డంగా పెట్టడం తప్పే. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం, ఆపకూడని చోట వదిలేసి పోయిన బండిని క్రేన్‌తో తీయించే, లేదా చక్రానికి తాళం వేయించే అధికారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి ఉంది. ఆ ఖర్చు బండి ఓనరే కట్టాలి. పది గంటల పాటు, అంతకు మించి దిక్కులేకుండా వదిలేసిన బండికి కూడా అదే సెక్షన్.

అంటే ఆ రోజు మీరు చేయాల్సింది ఏమిటి? ఫోన్ తీసి ఒక ఫొటో. అందులో మూడూ పడాలి: బండి నంబరు, మీ గేటు, గేటు పక్కన గోడ మీద ఇంటి నంబరు. చాలామంది నంబర్ ప్లేటు ఒక్కటే దగ్గరగా తీస్తారు. ఆ ఫొటోలో బండి గేటు ముందు ఉందో, బస్టాండ్‌లో ఉందో ఎవరికి తెలుస్తుంది? నాలుగడుగులు వెనక్కి పోయి తీయండి. తర్వాత 100కు ఫోన్ చేసి ‘గేటు బ్లాక్ అయింది, బయటికి పోలేకపోతున్నాం’ అని చెప్పండి. ‘పార్కింగ్ ప్రాబ్లం’ అని చెబితే అవతలివాళ్లు సాయంత్రం చూద్దామనుకుంటారు. ‘మనిషి బయటికి పోలేకపోతున్నాడు’ అంటే లెక్క వేరు.

చలాన్ పడితే బుద్ధి వస్తుందా అంటే, మన దగ్గర చలాన్ పెద్దగా భయపెట్టదు. 2022 మార్చిలో ఒకసారి, 2023 డిసెంబరులో ఇంకోసారి పెండింగ్ చలాన్లకు రాయితీ ఇచ్చారు. రెండోసారి బైకులకైతే 80 శాతం మాఫీ. ఇంకోసారి ఇస్తారులే అని ఎదురుచూసే జనం తయారయ్యారు. క్రేన్ మాత్రం వేరే. కారు క్రేన్‌కు వేలాడుతూ పోవడం ఒక్కసారి చూసినవాళ్లు ఆ గల్లీలోకి మళ్లీ జాగ్రత్తగానే వస్తారు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాలుగేళ్ల కింద నక్కలగుట్టలో ఒక ఆస్పత్రిలో ఉన్న బంధువును చూడటానికి పోయి, జాగా దొరక్క ఒకరి గేటు ముందు కారు పెట్టాను. పది నిమిషాల్లో వస్తాననే పెట్టాను. డాక్టర్ రౌండ్స్‌కు వచ్చాడు, మాటల్లో పడ్డాను. తిరిగి వచ్చేసరికి ఒక పెద్దాయన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నా కారు బానెట్ పక్కనే వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో పేపరు. తిట్టలేదు, లొల్లి చేయలేదు. చేతి గడియారం చూపించి, ‘పది నిమిషాలని పోయినవ్ గావచ్చు బిడ్డా. యాభై అయింది’ అన్నాడు. అంతే. తల ఎత్తలేకపోయాను. అప్పటినుంచి కారు ఎక్కడ ఆపినా ఫోన్ నంబరు రాసిన చీటీ డ్యాష్‌బోర్డు మీద పెడుతున్నాను. గేటు ముందు ఆపేవాళ్లలో ఎక్కువమంది దుర్మార్గులు కాదు, ‘పది నిమిషాలు’ అనుకునేవాళ్లు. మీ గల్లీలో ఆ పది నిమిషాలవాళ్లు రోజూ మారుతుంటారు, అదీ మీ కష్టం. ఒకడికి బుద్ధి చెబితే రేపు ఇంకొకడు.

అందుకే పట్టుకోవాల్సింది బండ్లవాళ్లను కాదు, డయాగ్నస్టిక్ సెంటర్‌ను. అది నడిచేది ఏ బిల్డింగ్‌లో? దానికి స్టిల్టు గానీ సెల్లారు గానీ ఉందా? ఉంటే అందులో ఇప్పుడు ఏముంది? 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168 నంబరు జీవో బిల్డింగ్ రూల్స్ ప్రకారం ప్లాన్‌లో పార్కింగ్ చూపించాల్సిందే. ప్లాన్‌లో పార్కింగ్ అని చూపించిన చోట శాంపిళ్లు తీసే గదులు, మందుల దుకాణం, జనరేటర్ పెట్టుకోవడం మనకు కొత్తేమీ కాదు. బల్దియా టౌన్ ప్లానింగ్ విభాగానికి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. ఆ బిల్డింగ్ మంజూరు ప్లాన్ కాపీ, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కాపీ అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్లాన్ చేతికి వచ్చాక దాన్ని పట్టుకుని ముందు సెంటర్ మేనేజర్ దగ్గరికే పోండి. ఆఫీసులకు తర్వాత పోవచ్చు. ‘మీ సెల్లారు ఖాళీ చేయండి, పొద్దున ఆరున్నర నుంచి పదిన్నర దాకా ఒక వాచ్‌మన్‌ను పెట్టండి, రిసెప్షన్‌లో టోకెన్ ఇచ్చేటప్పుడే బండి నంబరు రాసుకోండి’ అని అడగండి. పరగడుపు రద్దీ నాలుగు గంటలే కాబట్టి ఒక మనిషి సరిపోతాడు. బండి నంబరు రాసి ఉంటే, మీరు ఫోన్ చేసిన రెండు నిమిషాల్లో మైకులో పిలుస్తారు. మీ సమస్యలో ముప్పాతిక భాగం ఆ ఒక్క పుస్తకంతో తీరుతుంది. వినకపోతే అప్పుడు బల్దియా గ్రీవెన్స్‌కు పోండి, ప్లాన్ కాపీ జత చేయండి. ఒట్టి ఫిర్యాదుకూ, ప్లాన్ కాపీ ఉన్న ఫిర్యాదుకూ తేడా మీకు కౌంటర్ దగ్గరే తెలుస్తుంది.

అయితే సార్, ఒక్క మాట. టౌన్ ప్లానింగ్ వాళ్లు మీ గల్లీకి వచ్చినప్పుడు మూల మీది బిల్డింగ్ ఒక్కటే చూసి పోరు. మీ షట్టర్ కూడా కనిపిస్తుంది. ఇంటి ప్లాన్‌లో పోర్టికో అని ఉన్నది ఇప్పుడు మడిగె అయింది. దానికి పర్మిషన్ తీసుకున్నారా, ఇంటి పన్ను ఆ భాగానికి కమర్షియల్ కింద కడుతున్నారా, కరెంటు మీటరు మార్పించారా అన్నవి మీరు రాయలేదు. ఫిర్యాదు పెట్టే ముందు ఆ కాగితాలు సరిచేసుకోండి.

ఇక మీ అబ్బాయి చెప్పిన పర్మిట్ సంగతి. వరంగల్‌లో ఇంటివాళ్లకు వీధి పార్కింగ్ పర్మిట్ ఇచ్చే పద్ధతి లేదు. వరంగల్‌లోనే కాదు, హైదరాబాద్‌లోనూ లేదు. కానీ మీ అబ్బాయి చెప్పింది నిజం, పైగా ఈ పర్మిట్ల చరిత్రలో ఆర్లింగ్టన్ పేరు చాలా పెద్దది. అక్కడ క్రిస్టల్ సిటీ అని ఆఫీసుల సముదాయం ఉంది. అందులో పనిచేసేవాళ్లు డబ్బులు కట్టి పార్కింగ్ చేయడం ఎందుకని, పక్కనే ఉన్న ఇళ్ల గల్లీల్లో పొద్దున్నే కార్లు పెట్టి సాయంత్రం దాకా వదిలేసేవాళ్లు. అచ్చం మీ గల్లీ లెక్కే. ఆర్లింగ్టన్ కౌంటీ ఒక రూల్ తెచ్చింది: పనిదినాల్లో పొద్దున 8 నుంచి సాయంత్రం 5 దాకా ఆ గల్లీల్లో పర్మిట్ ఉన్న కార్లే ఆగాలి. పర్మిట్లు అక్కడ ఉండేవాళ్లకు, వాళ్ల ఇంటికి వచ్చే చుట్టాలకు, వాళ్లతో పని ఉన్నవాళ్లకు. ఆఫీసులవాళ్లు కోర్టుకు పోయారు. ప్రజల డబ్బుతో వేసిన రోడ్డు కొందరికే ఎట్లా ఇస్తారన్నది వాళ్ల వాదన. వర్జీనియా సుప్రీంకోర్టు వాళ్ల మాటే నిజమంది. కేసు అమెరికా సుప్రీంకోర్టుకు పోయింది. 1977లో ఆ కోర్టు కౌంటీ చేసింది సరైనదేనని తేల్చింది. ట్రాఫిక్, పొగ, చప్పుడు తగ్గించి ఇళ్ల మధ్య బతుకు బాగుండేలా చూడటం తప్పు కాదని, గల్లీవాళ్లకూ బయటివాళ్లకూ తేడా చూపడం దానికదే వివక్ష కాదని చెప్పింది. ఆ తర్వాత అమెరికాలో ఊరూరా ఈ పర్మిట్లకు ధైర్యం వచ్చింది. కాలిఫోర్నియాలో అయితే స్థానిక సంస్థలు ఇలాంటి పర్మిట్లు ఇచ్చుకోవచ్చని రాష్ట్ర వాహన చట్టం 22507వ సెక్షన్‌లోనే రాసి ఉంది.

ఇది చదివి మీకు హుషారు వచ్చే ఉంటుంది. కాస్త ఆగండి. ఆ పర్మిట్ ఏం ఇస్తుందో మీ అబ్బాయిని వివరంగా అడగండి. అది ఇంటి ముందు జాగాను మీ పేర రాసి ఇవ్వదు. ఆ జోన్‌లో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టుకోవచ్చు, అంతే. మీ ఇంటి ముందు ఎదురింటాయన కారు పెట్టుకుంటే ఆర్లింగ్టన్‌లోనూ మీరు ఏమీ అనలేరు, ఆయనకూ పర్మిట్ ఉంది కాబట్టి. చాలా ఊళ్లలో ముందు గల్లీవాళ్లంతా సంతకాలు పెట్టి అడగాలి, ఇంటికి ఇన్ని పర్మిట్లే అని లెక్క ఉంటుంది, ఏడాదికోసారి ఫీజు కట్టాలి, చుట్టాలు వస్తే గెస్ట్ పాస్ తీయాలి. మన ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి పదిహేను కార్లు వస్తే పదిహేను గెస్ట్ పాసులు ఎవరు పంచుతారు? మీ గల్లీలో ఎవరింట్లో పెళ్లి జరిగినా రోడ్డుకు అడ్డంగా టెంటు వేస్తారు. సద్దుల బతుకమ్మ నాడు ఆ రోడ్డు మీదే ఆడవాళ్లు బతుకమ్మలు పెట్టి ఆడతారు. ఎవరి కారు అయినా ఆ సాయంత్రం పక్కకు తీయాల్సిందే, అప్పుడు ఎవరూ మా జాగా అనరు. మన గల్లీ ఇట్లా అందరిదీ కాబట్టే అది ఏ ఒక్కరిదీ అనడం కష్టం.

మన దేశంలో ఈ ఆలోచన రాలేదని కాదు. ఢిల్లీ 2019లో పార్కింగ్ స్థలాల నిర్వహణకు ప్రత్యేకంగా రూల్స్ తెచ్చింది. బెంగళూరు 2021లో ప్రకటించిన పార్కింగ్ విధానంలో ఇంటివాళ్లకు పర్మిట్లు ఉన్నాయి. బండి సైజును బట్టి ఏడాదికి 1,000 నుంచి 5,000 రూపాయల దాకా ఫీజు అన్నారు. చిన్న కారుకు తక్కువ, పెద్ద ఎస్‌యూవీకి ఎక్కువ. అంటే అక్కడ కూడా రోడ్డు ఉచితంగా ఇస్తామనలేదు, కిరాయికే ఇస్తామన్నారు. మీరు జిరాక్స్ షాపుకు పోర్టికో ఇచ్చినట్టే.

నాకు వీటన్నిటికంటే జపాన్ పద్ధతి నచ్చుతుంది. 1962లోనే వాళ్లొక చట్టం చేశారు. కారు పెట్టుకోవడానికి సొంతంగానో కిరాయికో జాగా ఉందని పోలీస్ స్టేషన్ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే కారు రిజిస్టర్ అవుతుంది. ఆ జాగా ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు ఉండాలి. రాత్రంతా కారు రోడ్డు మీద వదిలేయడం కుదరదు. ఆ రూల్ ఇక్కడ పెడితే మన గల్లీల్లో సగం కార్లు షోరూంలోనే ఉండిపోతాయి. మీది పోర్టికో ఉన్న రోజుల్లో పాసయ్యేది సార్, ఇప్పుడు కాదు.

రాళ్లు, గొలుసు గురించి అడిగారు. వద్దు. సిమెంటు నింపిన పాత టైరులో ఇనుప పైపు నిలబెట్టి గేటుకు అటొకటి ఇటొకటి పెట్టడం మన దగ్గర అలవాటైపోయింది. కొందరు సున్నం పూసిన బండరాళ్లు, ఇంకొందరు పూలకుండీలు. కుండీ అయితే కాస్త అందంగా ఉంటుంది కానీ అదీ ఆక్రమణే. రోడ్డు బల్దియాది. వాళ్లు వచ్చి ఎప్పుడైనా ఎత్తుకుపోవచ్చు. అంతకంటే పెద్ద ప్రమాదం రాత్రిపూట ఉంది. కరెంటు పోయినప్పుడు ఎవరైనా బైకు మీద వచ్చి ఆ పైపుకు గుద్దుకుంటే, దారిలో అడ్డంకి పెట్టినందుకు న్యాయ సంహిత 285వ సెక్షన్ మీ మీదే పడుతుంది. దానికి 5,000 రూపాయల దాకా జరిమానా. దెబ్బ గట్టిగా తగిలితే జరిమానాతో ఆగదు. ఇంకో తమాషా చూడండి, మీ దారికి అడ్డంగా కారు పెట్టినవాడి మీదికి వచ్చే సెక్షన్ కూడా అదే. ఒకే సెక్షన్‌లో ఇద్దరూ పక్కపక్కన నిలబడటం ఎందుకు?

గల్లీ అంతా కలిసి అడగగలిగేది ఒకటుంది, దానికి పర్మిట్ అక్కర్లేదు. రోడ్డుకు ఒక పక్కనే పార్కింగ్ పెట్టమని అడగండి. సరి తేదీన ఒక వైపు, బేసి తేదీన ఇంకో వైపు అన్నా సరే. మూల దగ్గర నో పార్కింగ్ బోర్డు, గేట్ల ముందు పసుపు గీత కూడా అడగండి. బండ్లు ఎక్కడ నిలవాలో నిర్ణయించే అధికారం మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్‌లో ఉంది. స్థానిక సంస్థతో సంప్రదించి చేయాలి, అంటే ట్రాఫిక్ పోలీసులు, బల్దియా ఇద్దరూ ఒక మాట మీదికి రావాలి. కాబట్టి ఉత్తరం ఇద్దరికీ రాయండి, ఒకరి కాపీ ఇంకొకరికి పెట్టండి. మీ ఒక్కరి సంతకంతో పంపితే అది ‘రిటైర్డ్ సార్ గొడవ’ అవుతుంది. ఇరవై ఇళ్ల సంతకాలుంటే, అందులో రెండు మూడు ఇళ్లలో ముసలివాళ్లు ఉన్నారని, అంబులెన్స్ లోపలికి రావడం లేదని రాస్తే చదువుతారు. ఫైర్ ఇంజన్ తిరగగలదా అన్నది కూడా రాయండి. నిజంగా తిరగలేదనుకుంటే, గల్లీ ఎంత వెడల్పో, రెండు వైపులా కార్లు ఆగితే మధ్యలో ఎంత మిగులుతుందో టేపుతో కొలిచి అంకెలు వేయండి. మీరు లెక్కల సారో తెలుగు సారో రాయలేదు గానీ, ఆఫీసులో పద్యం కంటే కొలత పనిచేస్తుంది.

ఇవేవీ కాకపోతే చివరి దారి ఒకటుంది. దారికి అడ్డంకి తొలగించమని నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటుకు, మామూలుగా ఆర్డీవోకు, దరఖాస్తు పెట్టొచ్చు. పాత సీఆర్‌పీసీలో దాన్నే 133వ సెక్షన్ అనేవాళ్లం. ఒక్క కారు కోసం అక్కడిదాకా పోవద్దు. సెంటర్‌వాళ్లు రోడ్డు మీదే షెడ్డు వేసినా, జనరేటర్ పెట్టినా అప్పుడు పనికొస్తుంది.

మీ రెండో ఫిర్యాదు, ఆ కూరగాయల రోజు జాగా సంగతి, ఇంకా మిగిలే ఉంది. దాన్ని ఏ ఆఫీసూ తీర్చలేదు. గేటు ముందు దారి ఖాళీగా ఉండాలని రూల్ చెబుతుంది, అక్కడ మీ కారే ఉండాలని చెప్పదు. మీరు గేటు ముందు కారు పెట్టుకుంటున్నన్ని రోజులు చూసేవాళ్లకు అది కారు పెట్టే చోటుగానే కనిపిస్తుంది. మీ కారు కదిలిన నిమిషంలో ఇంకోటి వచ్చి చేరడంలో వాళ్ల లెక్క అదే. గేటు ముందు ఎప్పుడూ ఖాళీగా ఉంటే, అది గేటని కనిపిస్తుంది.

షట్టర్ అగ్రిమెంట్ ఎప్పటిదాకా ఉందో మీరు రాయలేదు. మామూలుగా 11 నెలలకు రాసుకుంటారు. రెన్యూవల్‌కు ముందు, జిరాక్స్ షాపతను లేని ఆదివారం పొద్దున, లోపల టేపు పట్టి చూడండి. కారు నిలబడి తలుపు తెరుచుకోవాలంటే వెడల్పు రెండున్నర మీటర్లు, పొడవు ఐదు మీటర్లు ఉండాలి. సరిపోతే, నెలకు వచ్చే కిరాయి ఒక పక్క, పొద్దున్నే ఆ జాగా కోసం పడే టెన్షన్ ఇంకో పక్క రాసి మీ ఇంటావిడకు చూపించండి. ఆ రోజు సామాన్లు మోసింది ఆవిడ కూడా కదా.